కుట్లు సరిపోయాయి, వరసలు సరిపోలేదు: క్రోషే గేజ్ ఎలా సరిచూడాలి?

ఊలుబంతి:

మెడ నుంచి కిందికి అల్లే రాగ్లాన్ స్వెటర్ (మెడ నుంచి చంక దాకా ఏటవాలు గీతల వెంట కుట్లు పెంచుకుంటూ వచ్చేది) మొదలుపెట్టాలి. ప్యాటర్న్‌లో గేజ్, అంటే 10 సెం.మీ.లో ఎన్ని కుట్లు, ఎన్ని వరసలు రావాలన్న లెక్క, ఇలా ఇచ్చారు: 5 మి.మీ. హుక్, డబుల్ క్రోషే, 14 కుట్లు × 8 వరసలు = 10 సెం.మీ., ఉతికి ఆరబెట్టాక. నూలు మీడియం మందం కాటన్, లేబుల్ మీద 4 అంకె ఉన్న రకం.

5 మి.మీ. హుక్‌తో 14 కుట్లు కచ్చితంగా వస్తున్నాయి కానీ వరసలు 7 మాత్రమే. 4.5 మి.మీ.కి దిగితే 15 కుట్లు, 7.5 వరసలు. ఒకటి సరిచేస్తే ఇంకోటి చెడుతోంది. స్వాచ్ (కొలత చూడటానికి అల్లిన నమూనా ముక్క) ఇంకా ఉతకలేదు.

మిగతా లెక్క: మెడ దగ్గర 64 కుట్లతో మొదలు (ముందు 22, వెనక 22, చేతులు చెరి 10). యోక్ (మెడ నుంచి చంక దాకా ఉండే భాగం) 20 వరసలు, ప్రతి వరసకీ 8 కుట్లు పెరుగుతాయి. చంకల కింద 8 చైన్ల చొప్పున కలిపితే ఒంటి భాగం 140 కుట్లు, అంటే 100 సెం.మీ. చుట్టుకొలత.

వరసల తేడా వదిలేసి ముందుకెళ్లొచ్చా? హుక్ మార్చకుండా వరస ఎత్తు ఒక్కటే తగ్గించే దారి ఉందా? ఉతకని స్వాచ్ కొలతను ఎంతవరకు నమ్మొచ్చు?

నూలుపోగు:

5 మి.మీ. హుక్‌లోనే ఉండండి. వెడల్పు సరిపోయినప్పుడు హుక్ మార్చడం అంటే సరిగ్గా ఉన్నదాన్ని చెడగొట్టుకోవడమే. 15 కుట్ల గేజ్‌తో అదే 140 కుట్లు అల్లితే 93 సెం.మీ. వస్తుంది, ఛాతీ దగ్గర దాదాపు 7 సెం.మీ. పోయినట్టు.

అలాగని వరసల తేడా వదిలేయడానికీ లేదు. 8 వరసల గేజ్‌లో 20 వరసల యోక్ లోతు 25 సెం.మీ. మీ 7 వరసల గేజ్‌లో అదే 20 వరసలు 28.6 సెం.మీ. అవుతాయి. చంక మూడున్నర సెంటీమీటర్లు కిందికి జారుతుంది, చెయ్యి ఎత్తితే స్వెటర్ మొత్తం పైకి లేస్తుంది.

వెడల్పు, ఎత్తు రెండూ వేర్వేరు చోట్ల నిర్ణయమవుతాయి. కుట్టు వెడల్పు ఎక్కువగా హుక్ కాండం మందాన్ని బట్టి ఉంటుంది. ఎత్తును నిర్ణయించేది మాత్రం మొదట లాగే లూప్. డబుల్ క్రోషేలో దారం చుట్టి, కింది కుట్టులోకి హుక్ గుచ్చి, మళ్లీ దారం పట్టి ఒక లూప్ పైకి తెస్తాం కదా, ఆ లూప్ ఎంత పొడవుగా లాగితే కుట్టు అంత పొడవు. దీన్ని గోల్డెన్ లూప్ అంటారు. అక్కడ ఒక్కో చేతిది ఒక్కో తీరు: కొందరు లూప్ తెచ్చాక హుక్‌ను ఇంకాస్త పైకి ఎత్తుతారు, కొందరు దారాన్ని కిందికి గుంజి బిగిస్తారు, కొందరు హుక్ ఉన్న ఎత్తులోనే నడిపిస్తారు. 14 కుట్లు సరిపోయి 7 వరసలే వచ్చాయంటే మీది ఎత్తే చెయ్యి అన్నమాట.

దిద్దుకోవాలంటే: లూప్ బయటికి రాగానే హుక్‌ను కుట్టు అంచుకు సమాంతరంగా, తల పైకి ఎత్తకుండా పట్టుకోండి. లూప్ హుక్ కాండం చుట్టూ సరిగ్గా పడితే చాలు, అంతకు మించి లాగొద్దు. మిగతా రెండుసార్లు దారం చుట్టి లాగేది ఎప్పటిలాగే. ఒక పది కుట్లు అలా వేసి పాత వరస పక్కన పెట్టి చూస్తే ఎత్తులో తేడా కంటికే కనిపిస్తుంది.

ఒక హెచ్చరిక. కావాలని మార్చిన చెయ్యి రెండు వరసల తర్వాత పాత అలవాటుకే పోతుంది. 15 వరసలైనా అల్లాక గానీ ఆ కొలతను నమ్మొద్దు.

గోదారిలేసు:

ముందు ఒక సందేహం తీర్చుకోవాలి. ప్యాటర్న్ అమెరికా పదాల్లో ఉందా, బ్రిటన్ పదాల్లో ఉందా? అమెరికాలో సింగిల్ క్రోషే అనేదాన్ని బ్రిటన్‌లో డబుల్ క్రోషే అంటారు, అమెరికా డబుల్ బ్రిటన్‌లో ట్రెబుల్. మీ విషయంలో వరసల సంఖ్యే జవాబు చెబుతోంది. ఈ మందం నూలు, 5 మి.మీ. హుక్‌తో పొడవాటి కుట్టయితే 10 సెం.మీ.లో 7 నుంచి 9 వరసలు పడతాయి, పొట్టి కుట్టయితే దాదాపు అంతకు రెట్టింపు. 8 అన్నారు కాబట్టి అది అమెరికా డబుల్ క్రోషేనే. గేజ్ సగానికి సగం తేడా వస్తోందని అడిగేవాళ్లు హుక్ మార్చేముందు ఇది చూసుకోవాలి.

ఇక స్వాచ్ సంగతి. ఉతకని కొలతతో నిర్ణయం తీసుకోవద్దండీ, కాటన్‌తో అసలే వద్దు. చేసే పద్ధతి ఇదీ.

10 సెం.మీ. కొలవడానికి 10 సెం.మీ. ముక్క చాలదు. 15 × 15 ఉండాలి. మీ గేజ్‌కి 21 కుట్లు, కనీసం 11 వరసలు. కింద మొదటి రెండు వరసలు కొలతలోకి రావు, ఎందుకంటే పునాది చైన్ దాదాపు అందరికీ బిగుసుకుంటుంది, కింది అంచు లోపలికి లాక్కుపోతుంది. చైన్ ఒక్కదానికీ 5.5 హుక్ వాడితే ఈ లాగుడు తగ్గుతుంది. పక్క అంచులు కూడా వదిలేయాలి. తిరిగేటప్పుడు వేసే 3 చైన్లు నిజమైన డబుల్ క్రోషే కంటే సన్నం, వాటి పక్కన సందు పడుతుంది.

స్వెటర్‌ను ఎలా ఉతుకుతారో స్వాచ్‌నూ అలాగే ఉతకాలి. మెషిన్‌లో వేసేదైతే మెషిన్‌లోనే. తువ్వాల్లో చుట్టి నీరు ఒత్తేయండి, పిండొద్దు. ఆరిన తువ్వాలు మీద పరిచి చేత్తో చదును చేయండి చాలు. గుండుసూదులు గుచ్చి 10 సెం.మీ.కి సాగదీసి ఆరబెడితే గేజ్ వచ్చినట్టే కనిపిస్తుంది. కానీ స్వెటర్‌ను ఎవరూ సూదులు గుచ్చుకుని తొడుక్కోరు, ఒక్కరోజు వేసుకుంటే అది తన అసలు కొలతకి వెళ్లిపోతుంది. సూదులు లేసుకు, శాలువాకు మాత్రమే.

నూలు రకాన్ని బట్టి ఉతికాక వచ్చే మార్పు వేరు. కాటన్ మొదటి ఉతుకులో కొంత ముడుచుకుంటుంది, తర్వాత సొంత బరువుకి కిందికి సాగుతుంది. మెషిన్‌లో వేయడానికి వీలుగా శుద్ధి చేసిన ఉన్ని తడిసినప్పుడు బాగా వదులై పెద్దదవుతుంది. యాక్రిలిక్ నీటికి పెద్దగా మారదు కానీ ఇస్త్రీపెట్టె తగిలితే పోగు కరిగి వేలాడిపోతుంది, అది మళ్లీ వెనక్కి రాదు.

పూర్తిగా ఆరాక గట్టి బల్ల మీద పెట్టి, గట్టి స్కేలుతో కొలవండి. గుడ్డ టేపు వద్దు, అది వంకర పోతుంది, పాతదైతే సాగి ఉంటుంది కూడా. డబుల్ క్రోషేలో పైన కనిపించే జడలాంటి అల్లికను లెక్కపెట్టకూడదు. దాని తల తన కాండానికి నేరుగా పైన ఉండదు, కుడిచేతి వాటం వాళ్లకి కాస్త కుడివైపు జరిగి ఉంటుంది. అక్కడ లెక్కపెడితే అరకుట్టు తేడా ఇట్టే వస్తుంది. నిలువుగా ఉన్న కాండాలనే లెక్కపెట్టాలి. స్కేలు సున్నాను ఒక కాండం ఎడమ అంచుకి ఆనించి 10 దగ్గర ఎక్కడ ఆగిందో చూడండి. అరకుట్టు ఉంటే అరకుట్టనే రాసుకోవాలి. మూడు వేర్వేరు చోట్ల కొలిచి సగటు తీయండి.

అరకుట్టే కదా అనుకుంటాం. 14 బదులు 14.5 వస్తే 140 కుట్లకి 96.5 సెం.మీ., మూడున్నర సెంటీమీటర్లు తక్కువ. 5 సెం.మీ. ముక్కలో కొలిచి రెండుతో గుణించేవాళ్లకి ఆ తప్పు కూడా రెట్టింపవుతుంది.

వరసల లెక్కలో ఇంకో చిక్కు. అటూ ఇటూ తిప్పి అల్లినప్పుడు ఒక వరస ముందువైపు, ఒక వరస వెనకవైపు కనిపిస్తాయి, రెండూ ఒకే ఎత్తులో ఉన్నట్టు కనపడవు. అందుకే జతల లెక్కన కొలవండి: 6 వరసలు ఎన్ని సెంటీమీటర్లో చూసి, దాన్నుంచి 10 సెం.మీ.కి లెక్క తేల్చడం నయం.

వరసలెక్క:

పై ఇద్దరూ చెప్పినవి సరే. కానీ చేతి అలవాటు మార్చుకోవడం అందరికీ కుదరదు, 20 వరసల పొడవునా గుర్తుపెట్టుకుని అల్లడం అలసట కూడా. వరస ఎత్తు మారకపోయినా లెక్క మార్చుకుని అదే సైజు తేవచ్చు. రాగ్లాన్‌లో ఇది చాలా శుభ్రంగా కుదురుతుంది.

7 వరసల గేజ్ అనుకోండి. 25 సెం.మీ. లోతుకి 17.5 వరసలు. 18 తీసుకుంటే 25.7 సెం.మీ., పర్వాలేదు. రెండు వరసలు తగ్గాయి కాబట్టి పెరగాల్సిన 16 కుట్లు తగ్గాయి: ముందు 4, వెనక 4, ఒక్కో చేతికి 4. ముందూ వెనకా 62 బదులు 58 చొప్పున, చెయ్యి 50 బదులు 46.

ఇప్పుడు చంక కింద 8 చైన్ల బదులు 12 వేయండి. ఒంటికి 58 + 58 + 12 + 12 = 140. చేతికి 46 + 12 = 58, ప్యాటర్న్‌లో 50 + 8 కూడా 58 కదా. ఒక వరస తగ్గించిన ప్రతిసారీ రెండు చంకల కిందా రెండేసి చైన్లు పెంచితే ఒళ్లూ చేతులూ రెండూ అసలు సంఖ్యకే వస్తాయి. మూడు వరసల దాకా ఇలా సర్దుకోవచ్చు. అంతకు మించితే చంక కింద పట్టీ మరీ వెడల్పై గుడ్డ పోగుపడుతుంది. అప్పుడు యోక్‌లో కొన్ని వరసల్లో రెట్టింపు పెంపు వేసుకోవాలి.

గుండ్రటి యోక్‌కి ఈ కిటుకు పనిచేయదు. అక్కడ పెంపు వరసలు డిజైన్‌లో కలిసి ఉంటాయి, వరసలు తీసేస్తే డిజైనే పోతుంది. అలాంటివాటికి నూలుపోగు గారు చెప్పినట్టు లూప్ ఎత్తు సరిచేసుకోవాల్సిందే. మఫ్లర్, దుప్పటి, అంచు నుంచి అంచుకు నేరుగా అల్లే ఏదైనా అయితే వరసల గేజ్ పట్టించుకోనక్కర్లేదు, సెంటీమీటర్లు కొలుచుకుంటూ ఆపేయొచ్చు. కాకపోతే నూలు ఎంత పడుతుందనేది మారుతుంది.

హుక్ ఎటు మార్చాలో కొత్తవాళ్లు తరచూ తారుమారు చేస్తారు కాబట్టి అదీ చెబుతాను. 10 సెం.మీ.లో కుట్లు ఎక్కువ వస్తే మీ కుట్టు చిన్నదని, పెద్ద హుక్ కావాలని. తక్కువ వస్తే చిన్న హుక్. అర మి.మీ. చొప్పున మార్చండి. ప్యాటర్న్ చెప్పిన హుక్ నుంచి ఒక మి.మీ. దాటి వెళ్లాల్సి వస్తోందంటే నూలే వేరు మందం అయి ఉంటుంది. అప్పుడు లెక్క కుదిరినా గుడ్డ కుదరదు, అట్టముక్కలా బిర్రుగానో వలలా వదులుగానో వస్తుంది.

అర మి.మీ. మార్చినా ఏమీ మారలేదంటే హుక్ తల ఆకారం చూడండి. కొన్ని హుక్‌లకి తల, కాండం ఒకే మందంలో ఉండి గాడి లోతుగా కోసినట్టు ఉంటుంది. కొన్నింటికి మెడ దగ్గర సన్నబడి తర్వాత కాండం మొదలవుతుంది. లూప్‌లను ఆ సన్నటి మెడ మీదే ఉంచి కుట్టు ముగించే అలవాటుంటే 5 మి.మీ. హుక్‌తో కూడా 4.5 మి.మీ. హుక్‌తో వచ్చేంత చిన్న కుట్లే వస్తాయి. లూప్‌ను కాండం దాకా జరిపి ముగించాలి. స్వాచ్ ఏ హుక్‌తో అల్లారో స్వెటర్ అంతా అదే హుక్. వెదురు ఒకసారి, అల్యూమినియం ఒకసారి వాడితే సైజు ఒకటే అయినా దారం జారే తీరు వేరు, గేజ్ మారిపోతుంది.

ఊలుబంతి:

చాలా థాంక్సండీ. 15 × 15 ముక్క అల్లి, ఉతికి ఆరబెట్టి కొలిచాను. 14 కుట్లు అలాగే ఉన్నాయి, వరసలు 7.5 అయ్యాయి. ముక్క బరువు 12 గ్రాములు. కాటన్ సొంత బరువుకి సాగుతుందన్నారు కదా, అది ముందే ఎలా తెలుసుకోవాలి? ఈ కొలతతో 19 వరసలా, 18 వరసలా?

గోదారిలేసు:

స్వాచ్‌ను వేలాడదీసి చూడాలి. ఎంత బరువు కట్టాలో మీ దగ్గరున్న అంకెలతోనే తేలుతుంది. స్వెటర్ పొడవు 60 సెం.మీ. అనుకుంటే, మధ్యలో ఉన్న వరస తన కింద 30 సెం.మీ. గుడ్డను మోస్తుంది. 15 సెం.మీ. వెడల్పులో 30 సెం.మీ. పొడవంటే మీ స్వాచ్‌లాంటివి రెండు, అంటే 24 గ్రాములు. పై అంచును హ్యాంగర్‌కి నాలుగు క్లిప్పులతో సమంగా బిగించి, కింది అంచుకి మొత్తం 24 గ్రాములు వచ్చేలా బట్టల క్లిప్పులు సమాన దూరంలో పెట్టండి. క్లిప్పులను వంటింటి తూకం మీద ముందే తూచుకోండి. ఒక రాత్రి ఉంచి, వేలాడుతుండగానే కొలవాలి. దించితే కొంత వెనక్కి పోతుంది.

ఊలుబంతి:

వేలాడదీశాక 14 కుట్లు, 7.25 వరసలు.

వరసలెక్క:

అయితే 18 వరసలు. పరిచి కొలిస్తే 24 సెం.మీ., ఒంటి మీద 24.8. 19 వేస్తే పరిచినప్పుడు 25.3 ఉండి చూడ్డానికి సరైనట్టే ఉంటుంది, తొడుక్కుంటే 26.2కి దిగుతుంది. యోక్ మీద ఒంటి బరువూ చేతుల బరువూ రెండూ పడతాయి కాబట్టి కాటన్‌లో నేనైతే తక్కువ వైపే మొగ్గుతాను. చంక కింద 12 చైన్లు. చంక నుంచి కిందికి 35 సెం.మీ. కావాలంటే 25 వరసలు.

యోక్ అయ్యాక, చంకలు కలిపేముందు, దారం తెంపకుండా లూప్‌ను పిన్నులో పెట్టి మళ్లీ ఒకసారి గేజ్ కొలవండి. చిన్న ముక్క అల్లేటప్పుడు ఉన్న బిగువు పెద్ద పనిలో ఉండదు, చెయ్యి కుదురుకున్నాక చాలామందికి వదులవుతుంది. 14 కుట్లు 13.5 అయ్యాయంటే 140 కుట్లకి దాదాపు 104 సెం.మీ. అక్కడ తెలిస్తే చంక చైన్లు తగ్గించి సర్దుకోవచ్చు.

నూలుపోగు:

స్వాచ్ తూచారు కాబట్టి నూలు లెక్క కూడా ఇప్పుడే వేసుకోండి. 225 చదరపు సెం.మీ.కి 12 గ్రాములు. ముందూ వెనకా 50 × 60 చొప్పున 6000, చేతులు సగటు వెడల్పు 35, పొడవు 45 చొప్పున రెండూ కలిపి 3150. మొత్తం 9150 చ.సెం.మీ., అంటే 488 గ్రాములు. మెడ పట్టీకి, కొసలకి పది శాతం కలిపితే 540 దాకా. 100 గ్రాముల ఉండలు 6 తీసుకోండి, అన్నీ ఒకే రంగు లాట్ నంబరువి. స్వాచ్ విప్పేయకండి, నూలు తగ్గుతుందనిపిస్తే మెడ పట్టీకి అదే అక్కరకొస్తుంది.

గోదారిలేసు:

ఇదే విషయం వెతుక్కుంటూ వచ్చేవాళ్ల కోసం, 10 సెం.మీ. చతురస్రం పనికిరాని చోట్లు కూడా రాస్తాను.

టోపీలాంటివి తిప్పకుండా ఒకే వైపు చుట్టూ అల్లుతాం. అటూ ఇటూ తిప్పి అల్లిన స్వాచ్ కొలత వాటికి వర్తించదు, కుట్టు ఒక పక్కకి వాలుతుంది, ఎత్తు కూడా మారుతుంది. టోపీ నడినెత్తి చక్రమే దాని స్వాచ్. తల చుట్టుకొలత 56 అయితే, బిగుతు కోసం 4 తగ్గించి 52ని 3.14తో భాగిస్తే 16.5 సెం.మీ. చక్రం ఆ అడ్డుకొలతకి వచ్చేదాకా పెంచి, తర్వాత నేరుగా కిందికి దిగాలి. ప్యాటర్న్ చెప్పిన రౌండ్ల కంటే ముందే 16.5 దాటితే హుక్ పెద్దదైందని.

బొమ్మలకి సైజు ముఖ్యం కాదు, సాంద్రత ముఖ్యం. దూది కుక్కినప్పుడు కుట్ల మధ్య తెల్లగా కనిపిస్తే హుక్ ఒక సైజు దించాలి.

సన్నదారం పనిలో, మా నరసాపురం వైపు అల్లే లేసులాంటి వాటిలో, గుండ్రటి డాయిలీకి (బల్ల మీద పరిచే లేసు గుడ్డకి) మొదటి మూడు నాలుగు రౌండ్ల అడ్డుకొలతే గేజ్. ఇక్కడ అంకెలు తలకిందులు: 10 నంబరు దారం కంటే 20 సన్నం, 40 ఇంకా సన్నం. అమెరికా స్టీల్ హుక్‌లకీ అంతే, నంబరు పెరిగితే హుక్ సన్నం. అందుకని నంబరు చూడకుండా మి.మీ. చూసి కొనండి.

వరస గేజ్ ప్రాణమంతా ఉన్నది గళ్ల క్రోషేలో. ఒక డబుల్ క్రోషే, రెండు చైన్లు కలిసి ఒక గడి అవుతాయి. గడి చతురస్రంగా రావాలి. 10 సెం.మీ.లో అడ్డం 20 గళ్లు, నిలువు 18 వరసలు వస్తే ప్రతి గడీ 11 శాతం పొడుగు, గులాబీ పువ్వు కోడిగుడ్డులా సాగిపోతుంది, నెమలి మెడ కొంగ మెడ అవుతుంది. హుక్ మారిస్తే రెండూ కలిసే మారతాయి, లాభం లేదు. గోల్డెన్ లూప్ కుదించాలి. గడి ఎత్తు కంటే వెడల్పు ఎక్కువ ఉంటే లూప్ పెంచాలి, లేదా ఆ రెండు చైన్లను బిగించి వేయాలి. 10 గళ్లు × 10 వరసల ముక్క అల్లి, ఉతికి, ఒక మూల నుంచి ఎదుటి మూలకి మడవండి. అంచులు ఒకదానిమీద ఒకటి సరిగ్గా పడితే అసలు అల్లిక మొదలుపెట్టొచ్చు.